చెవికి మిల్లీవాట్లు చాలు

వానలు మొదలయ్యే ముందు ఒక పిల్లవాడు నా దుకాణానికి వచ్చాడు. అంకీస వైపు ఊరు. మహారాష్ట్రలోని మా సిరోంచలో గది తీసుకొని డిగ్రీ చదువుతున్నాడు. పెద్ద గిన్నెల హెడ్‌ఫోను ఒకటి బల్ల మీద పెట్టి, "కాకా, నిన్నటిదాంక మంచిగనే ఉండె. ఒక్కసారే బందైంది. జర సూడు" అన్నాడు. స్క్రూ విప్పుతుంటేనే కాలిన వార్నిషు వాసన వచ్చింది. ముప్పయ్యేళ్లకు పైగా రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్నవాణ్ని, ఆ వాసన నాకు కొత్త కాదు. మోటారు కాలినా అదే వాసన, ట్రాన్స్‌ఫార్మరు కాలినా అదే. హెడ్‌ఫోనులో రావడం మాత్రం అదే మొదటిసారి. లోపలి పలచటి ప్లాస్టిక్ పొర మధ్యలో గోధుమరంగు మచ్చ ఉంది. తలవెంట్రుక కంటే సన్నని రాగితీగ చుట్ట నల్లబడి, వేలు తగిలితే పొడిపొడిగా రాలింది.

"దేనికి పెట్టినవ్ బిడ్డా?" అని అడిగాను. ఇంట్లో పెళ్లికి కొన్న ఆంప్లిఫయరు ఉందట. ఫోనులో సౌండు సరిపోక, హెడ్‌ఫోను వైరు కోసి, ఆ ఆంప్లిఫయరు స్పీకరు టెర్మినళ్లకు బిగించాడు. మీట కొంచెం తిప్పగానే టిక్కుమని ఆగిపోయిందట. అప్పుడు హెడ్‌ఫోను ఎక్కడుందని అడిగాను. మెడలో ఉందన్నాడు. ఇంకా చెవులకు ఎక్కించలేదు. ఆ మాట విన్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

ఆ పిల్లవాడు చేసిన పనిని లెక్కలో చెప్తాను. నూరు వాట్ల ఆంప్లిఫయరు ఎనిమిది ఓముల స్పీకరుకు పూర్తి సౌండులో 28 వోల్టుల దాకా ఇస్తుంది. అవే 28 వోల్టులు 32 ఓముల హెడ్‌ఫోను మీద పడితే దాదాపు 25 వాట్లు. ఆ హెడ్‌ఫోను హాయిగా పాడటానికి కావలసింది వాటులో వెయ్యో వంతు. దాన్నే మిల్లీవాటు అంటాం. ఆ ఒక్క మిల్లీవాటు కూడా చాలాసార్లు ఎక్కువే.

ఇది పిల్లవాడి తప్పని నేను అనను. వాట్లు ఎంత ఎక్కువైతే సామాను అంత గొప్పదని ఈ తరానికి నేర్పింది మా వ్యాపారమే. డబ్బా మీద పీఎంపీఓ అని నాలుగు అక్షరాలు వేసి, పక్కన 2000 వాట్లని, 5000 వాట్లని అచ్చువేసి అమ్మిన రోజులు నాకు బాగా తెలుసు. లోపల చూస్తే ఉండేది ఎల్‌ఏ 4440 ఐసీ ఒకటి, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఒకటి. ఆ ఐసీ రెండు వైపులకూ తలా ఆరు వాట్లు, రెంటినీ కలిపి ఒకటిగా కట్టితే పందొమ్మిది వాట్లు ఇస్తుంది, అంతే. కాళేశ్వరం వంతెన లేని రోజుల్లో పడవెక్కి గోదావరి దాటి, బస్సులు మారి, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి సామాను కోసం వెళ్లేవాణ్ని. అక్కడ కూడా గిరాకీ అడిగే మొదటి ప్రశ్న అదే, ఎన్ని వాట్లు? స్పీకరు కొనేటప్పుడు పుట్టిన ఆ ప్రశ్నే ఇప్పుడు చెవిలో పెట్టుకునే సామాను దగ్గరికీ వచ్చింది.

స్పీకరు గదినంతా, పందిరినంతా కదిలించాలి. హెడ్‌ఫోను కదిలించాల్సింది చెవి రంధ్రం ముందున్న చెంచాడు గాలిని. అందుకే పాతకాలపు క్రిస్టల్ రేడియోకు బ్యాటరీ కూడా ఉండేది కాదు. పొడవాటి ఏరియల్ తీగ, ఒక చుట్ట, ఒక గెలీనా రాయి, రెండు వేల ఓముల హెడ్‌ఫోను, ఇవే దాని సరంజామా. గాలిలోంచి వచ్చిన తరంగాల శక్తితోనే ఆ హెడ్‌ఫోను మాట్లాడేది. మంచిర్యాలలో నాకు పని నేర్పిన గురువుగారు మొదటి వారం నా చేత చేయించింది అదే. ఏ కరెంటూ లేకుండా చెవిలో మనిషి గొంతు వినిపించిన ఆ క్షణం నాకు ఇంకా గుర్తుంది. చెవి ఎంత చిన్న శక్తిని పట్టుకోగలదో ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు దుకాణంలో రోజూ వినే మాట, "ఫోను సౌండు సాల్తలేదు కాకా." ఇయర్‌ఫోనుకు పెట్టుకునే చిన్న ఆంప్లిఫయరు ఏదైనా ఉందా అని అడుగుతారు. ఉంది, ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి. కానీ అమ్మేముందు నేను మీటరు తీస్తాను.

కాలిన హెడ్‌ఫోను తెచ్చిన పిల్లవాడికి కూడా అదే చూపించాను. ఫోనులో 250 హెర్ట్జ్ ఒకే స్వరం మోగించాను. అతని మామూలు ఇయర్‌ఫోనును జాకుకు తగిలించి, దాని రెండు వైర్ల మీద మల్టీమీటరు ముళ్లు ఆనించాను. ఏసీ రెండు వోల్టుల గడిలో పెట్టి, వాల్యూం నిండా పెంచితే అర వోల్టు చూపించింది. ఆ ఇయర్‌ఫోను డబ్బా మీద 32 ఓములు, మిల్లీవాటుకు 100 డెసిబెల్స్ అని రాసి ఉంది. అర వోల్టును అర వోల్టుతో గుణించి 32తో భాగిస్తే సుమారు 8 మిల్లీవాట్లు. ఒక మిల్లీవాటుకు 100 డెసిబెల్స్ అయితే, ఎనిమిదింటికి 109. శక్తి రెట్టింపైన ప్రతిసారీ మూడు డెసిబెల్స్, పది రెట్లయిన ప్రతిసారీ పది డెసిబెల్స్ పెరుగుతాయి. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు, ఎవరైనా కాగితం మీద ఈ లెక్క వేసుకోవచ్చు.

ఆ తరువాత వాల్యూం తగ్గించుకుంటూ వచ్చాను. మీటరు 0.018 దగ్గర ఆపాను. పద్దెనిమిది మిల్లీవోల్టులు. శక్తిలో చెప్పాలంటే మిల్లీవాటులో నూరో వంతు. అక్కడ ఆ ఇయర్‌ఫోను ఇచ్చేది 80 డెసిబెల్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ముందుకు తెచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు. పిల్లలకైతే 75. అంటే వారమంతా నిశ్చింతగా వినడానికి కావలసిన శక్తికి, ఆ సాదా ఫోను నిండా తిప్పితే ఇచ్చే శక్తి దాదాపు ఎనిమిది వందల రెట్లు. సాల్తలేదన్నది ఈ ఫోనునే.

"గింతేనా?" అన్నాడు పిల్లవాడు. ఆ స్థాయిలోనే ఒక పాట పెట్టి వినమన్నాను. తల ఊపుతూ విన్నాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఇసుక ట్రాక్టరు పోయింది. అతని బొటనవేలు దానంతట అదే వాల్యూం మీటకు పోయింది. నేను లేచి దుకాణం షట్టరు సగం దించాను. కాసేపటికి అతనే సౌండు తగ్గించాడు.

నాకు తోచిన అసలు సంగతి ఇదే. మన పిల్లలకు శక్తి తక్కువై కాదు, చుట్టూ రొద ఎక్కువై సౌండు చాలడం లేదు. సిరోంచ నుంచి ఆలపల్లికి సర్కారు ఎస్టీ బస్సులో పోయినవాళ్లకు నేను చెప్పాల్సింది లేదు. గుంతల రోడ్డు, ఊగే అద్దాలు, అడుగున ఇంజను. జిల్లా కేంద్రం గడ్చిరోలి ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పరీక్షకో, ఆఫీసు పనికో పోయే పిల్లలు పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దాకా బస్సులోనే. అంతసేపూ చెవిలో పాట. బస్సు రొద మీద పాట తేలాలంటే ఆ రొదకు పైన పది డెసిబెల్స్ అయినా ఉండాలి. పది డెసిబెల్స్ అంటే పది రెట్ల శక్తి. అందుకే ఇంట్లో హాయిగా విన్న పిల్లవాడే బస్సులో మీటను చివరిదాకా నెడతాడు.

దీనికి మందు ఆంప్లిఫయరులో లేదు, చెవిలో పెట్టే రబ్బరు బుడిపెలో ఉంది. ఇయర్‌ఫోనుతో పాటు మూడు సైజుల బుడిపెలు వస్తాయి. చిన్నవి, మధ్యవి, పెద్దవి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మిగతా రెండు జతలను డబ్బాతో పాటే పారేస్తారు. మధ్య సైజు ఎక్కించి ఇచ్చారు కాబట్టి అదే పెట్టుకుంటారు. చెవికి బిగుతుగా కూర్చోని బుడిపెలోంచి లోపలి బేస్ బయటికి పోతుంది, బయటి రొద లోపలికి వస్తుంది. సరైన సైజు దొరికితే అదే ఫోను, అదే ఇయర్‌ఫోను, వాల్యూం మాత్రం సగం. ఒక్క పైసా ఖర్చు లేదు. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు మాత్రం వాటిని తీసి జేబులో పెట్టుకోవాలి. ఈ రోడ్ల మీద లారీలు ఎలా పోతాయో అందరికీ తెలుసు.

అయితే ఆంప్లిఫయరు పూర్తిగా దండగ అని కూడా నేను అనను. శుభ్రమైన సౌండుకు కొంత మిగులు శక్తి ఉండాలి. డప్పు మీద దెబ్బ పడిన క్షణం గమనించండి. పాట సగటున 80 డెసిబెల్స్ దగ్గర నడుస్తున్నా, ఆ దెబ్బ మొన 95, 100 దాకా ఎగిరి వెంటనే దిగిపోతుంది. ఆ మొనను మొనలా చేర్చాలంటే సగటుకు నూరు రెట్ల శక్తి ఆ ఒక్క క్షణానికి చేతిలో ఉండాలి. లేకపోతే మొన తెగిపోతుంది. మా భాషలో దాన్ని క్లిప్పింగ్ అంటాం. గుండ్రటి అల పైన కత్తితో కోసినట్టు చదునవుతుంది, పాటలో లేని గరగర శబ్దాలు పుడతాయి. తల నొప్పి పుట్టించేది చాలాసార్లు ఆ గరగరే. కానీ నూరు రెట్లన్నా లెక్క ఎంత? మిల్లీవాటులో నూరో వంతుకు నూరు రెట్లు, అంటే ఒక్క మిల్లీవాటు. సాదా ఫోను ఇచ్చేదాంట్లో ఎనిమిదో వంతు.

ఫోను మామూలుగా ఆ మొనలను కోయదు. కోసేది వాల్యూం బూస్టర్ యాప్‌లు. వాల్యూం 200 శాతం అని చూపిస్తాయి. నూటికి నూరు ఇప్పటికే ఇస్తున్న ఫోనుకు ఆ రెండో నూరు ఎక్కడి నుంచి వస్తుంది? సన్న శబ్దాలను పెంచి, పెద్ద శబ్దాల తలలు నరికి, సగటును పైకి నెడతాయి. పాట చెడుతుంది, చెవి మీద బరువూ పెరుగుతుంది. దుకాణానికి వచ్చిన ప్రతి ఫోనులోంచీ ఆ యాప్ తీసేయమని బతిమాలుతున్నాను.

నిజంగా ఆంప్లిఫయరు కావలసిన హెడ్‌ఫోన్లు కొన్ని ఉన్నాయి. స్టూడియోల్లో వాడే 250, 300 ఓములవి ఒక రకం. వాటికి కావలసింది వాట్లు కాదు, వోల్టులు. మిల్లీవాటుకు 97 డెసిబెల్స్ ఇచ్చే 300 ఓముల హెడ్‌ఫోనులో 100 డెసిబెల్స్ మొన రావాలంటే రెండు మిల్లీవాట్లు, ముప్పావు వోల్టు కావాలి. అర వోల్టు ఫోను అక్కడ కొంచెం వెనకబడుతుంది. పాత ఘంటసాల రికార్డులు, నాదస్వర కచేరీలు కాస్త సన్నగా రికార్డయి ఉంటాయి కాబట్టి వాటిలో ఆ తేడా తెలుస్తుంది. పలచటి పొర మొత్తాన్నీ అయస్కాంతాల మధ్య కదిలించే ప్లానార్ హెడ్‌ఫోన్లు ఇంకో రకం. వాటిలో బాగా మొండివి మిల్లీవాటుకు 83 డెసిబెల్స్ మాత్రమే ఇస్తాయి. అంత మొండి సామానుకు కూడా 100 డెసిబెల్స్ మొనకు 50 మిల్లీవాట్లు చాలు. 110 దాకా ఎగరాలని పట్టుబట్టేవాళ్లకు అర వాటు. అంతకు మించి వాట్లు రాసిన హెడ్‌ఫోను ఆంప్లిఫయరు ఎవరైనా అమ్మితే, ఆ మిగతా వాట్లు మన చెవికి దేనికని అడగండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లకైతే ఈ ప్రశ్నే లేదు. ఆంప్లిఫయరు వాటి లోపలే ఉంటుంది.

పెద్ద ఆంప్లిఫయరుకు చిన్న ఇయర్‌ఫోను పెడితే వచ్చే చిక్కు మరొకటి. మీట గడియారంలో ఏడు నుంచి ఎనిమిదికి తిరిగేలోపే చెవి అదిరిపోతుంది. ఆ కొసన మీట సరిగ్గా పనిచేయదు, ఒక చెవిలో ఎక్కువ, ఒక చెవిలో తక్కువ. నిశ్శబ్దంలో బుస్సుమనే శబ్దం. స్విచ్చి వేసినప్పుడు టప్పుమని ఒక దెబ్బ. అందుకే నా దగ్గర కొన్న ప్రతివాడికీ వరస నేర్పి పంపుతాను. ముందు మీట సున్నాకు తిప్పు, తరువాత స్విచ్చి వేయి, అది కుదురుకున్నాక హెడ్‌ఫోను పెట్టుకో, చివర మీట పెంచు. తీసేటప్పుడు ముందు చెవిలోంచి తీయి. గెయిన్ అని చిన్న మీట ఉంటే ఎప్పుడూ తక్కువ వైపే ఉంచు.

పాత డెక్కులకు, మిక్సర్లకు ఉండే హెడ్‌ఫోను రంధ్రం గురించి కూడా ఒక మాట. లోపల నూటిరవై ఓముల రెసిస్టరు వరసలో కట్టి ఉంటుంది. చౌకలో హెడ్‌ఫోనును కాపాడే ఉపాయం అది, తప్పు పట్టను. కానీ 32 ఓములని రాసిన హెడ్‌ఫోను బేస్ దగ్గర 80 ఓముల దాకా పెరగొచ్చు. మధ్యలో ఈ రెసిస్టరు ఉంటే అక్కడ బేస్ ఐదు డెసిబెల్స్‌కు పైగా పొంగుతుంది, గొంతు అడుగున పడిపోతుంది. గొంతు వినడానికి మళ్లీ వాల్యూం పెంచుతాం. ఆంప్లిఫయరు లోపలి నిరోధం హెడ్‌ఫోను ఓముల్లో ఎనిమిదో వంతు దాటకూడదని మా పనిలో ఒక కొండగుర్తు. డబ్బా మీద వాట్లు వెతికేవాళ్లు ఆ అంకె కోసం వెతికితే డబ్బులు దక్కుతాయి.

ఇదంతా నేను ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానో చెప్పాలి.

ఇరవై ఏళ్ల వయసు నుంచి మైకుసెట్టు పని కూడా చేశాను. పెళ్లిళ్లు, గణపతి, దుర్గమ్మ నవరాత్రులు, జాతరలు. హారన్ల కింద కూర్చొని భోజనం చేసిన రోజులున్నాయి. ఆ తరువాత బాక్సులు వచ్చాయి, బాక్సుల తరువాత డీజే. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు పన్నెండు రోజులు మైకుల దగ్గరే ఉన్నాను. తప్పిపోయిన ముసలివాళ్ల పేర్లు, పిల్లల పేర్లు పొద్దంతా పిలిచేవాళ్లం. పదమూడో రోజు ఇంట్లో పడుకుంటే కుడిచెవిలో సన్నగా ఈల మొదలైంది. ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా అది మోగుతూనే ఉంది.

కరీంనగర్‌లో చెవి పరీక్ష చేశారు. చిన్న గది, మెత్తటి గోడలు, చేతిలో ఒక బటన్. హెడ్‌ఫోనులో స్వరం వినబడితే నొక్కాలి. నొక్కుతూ నొక్కుతూ ఒక చోట చాలాసేపు ఏమీ రాలేదు. పరీక్ష ఆగిందేమో అనుకున్నాను. ఆగలేదు, స్వరాలు వస్తూనే ఉన్నాయట, నాకు అందలేదు. బయటికొచ్చాక కాగితం మీద గీత చూపించారు. అన్నిచోట్లా మామూలుగా నడిచిన గీత 4000 హెర్ట్జ్ దగ్గర బావిలా దిగి మళ్లీ పైకి లేచింది. పెద్ద శబ్దాల వల్ల చెడిన చెవికి ఉండే గుర్తు అదేనని డాక్టరుగారు చెప్పారు. లోపలి చెవిలో పదిహేను వేలకు పైచిలుకు సన్నటి కణాలుంటాయి, చచ్చినవి మళ్లీ మొలవవు అన్నారు. కాలిన కాయిల్ చుట్టడం నాకు వచ్చు. దీన్ని చుట్టేవాళ్లు ఎవరూ లేరు.

మా పనిలో ఆంప్లిఫయరు బాగైందని తెలుసుకునేది చెవితోనే. పాట ఆపి, మీట పెంచి, బుస్సు ఎంతుందో వింటాం. ఆ బుస్సు ఇప్పుడు నాకు వినిపించదు. బాగైన ప్రతి సెట్టునూ నా చెల్లెలి కొడుకు చెవి దగ్గర పెట్టి, "మేనల్లుడా, బుస్సు ఉన్నదా?" అని అడుగుతాను. వాడు లేదంటేనే గిరాకీకి ఇస్తాను.

4000 హెర్ట్జ్ దగ్గర పోతే మాటలో ముందు కరిగేవి స, శ, ష లాంటి అక్షరాలు. మా సిరోంచలో ఇది ఇంకా పెద్ద సంగతి. ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మరాఠీలో చకారం రెండు రకాలుగా పలుకుతుంది, మన చాప, చీమల్లో పలికినట్టే. రాతలో ఒకటే అక్షరం, తేడా అంతా చెవికే తెలియాలి. ఆ తేడా ఉండేది పై స్థాయి శబ్దాల్లోనే. ఇంటి భాష కాని భాషలో పాఠం వినే పిల్లవాడికి ప్రతి అక్షరం స్పష్టంగా చేరాలి. చెవి కొంచెం మొద్దుబారినా వాడు పాఠం అర్థం కాలేదనుకుంటాడు, మాస్టారు వాడికి చదువు రాదనుకుంటారు. చెవి సంగతి ఎవరికీ తట్టదు.

శబ్దానికి కాలంతో పొత్తు ఉంది. కార్మికుల చెవుల కోసం అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ వేసిన లెక్క నాకు నచ్చింది, ఎందుకంటే గుర్తుంటుంది. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు. మూడు పెరిగిన ప్రతిసారీ గంటలు సగం. 88కి నాలుగు, 91కి రెండు, 94కి ఒక గంట, 100కి పావుగంట. ఇందాక మీటరు చూపిన 109 దగ్గర రెండు నిమిషాలు కూడా లేవు. నిజం చెప్పాలంటే పాట ఒకే స్వరంలా నిండుగా ఉండదు, దాని సగటు పది డెసిబెల్స్ తక్కువే ఉంటుంది. అలా చూసినా 99. అంటే ఇరవై నిమిషాలు. ఆలపల్లి బస్సు అంతలో ఎంత దూరం పోతుంది?

12 నుంచి 35 ఏళ్ల మధ్యవాళ్లలో వంద కోట్ల మందికి పైగా చెవులు ఇలాంటి వినికిడి అలవాట్ల వల్ల ప్రమాదంలో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెప్తోంది. 2024 జూన్‌లో గాయని అల్కా యాజ్ఞిక్ తనకు అకస్మాత్తుగా వినికిడి పోయిందని చెప్పారు. ఆమెకు కారణం వైరస్. అయినా ఆ కబురులోనే పెద్ద సంగీతం, హెడ్‌ఫోన్ల గురించి అభిమానులను, తోటి కళాకారులను జాగ్రత్తపడమన్నారు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ కింది డైరెక్టరేట్ జనరల్ కూడా ఒక సలహా పంపింది. రోజుకు రెండు గంటలు మించొద్దని, 50 డెసిబెల్స్ దాటొద్దని. రెండు గంటల మాట చాలా మంచిది. 50 డెసిబెల్స్ మాట నాకు మింగుడుపడలేదు. నిశ్శబ్దమైన గదిలో తప్ప ఆ స్థాయిలో పాట వినిపించదు, ఇంట్లో దాన్ని కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. పాటించలేని అంకె చెప్తే పాటించగలిగిన దాన్ని కూడా జనం వదిలేస్తారు. దాని బదులు, చేయి చాచినంత దూరంలో నిలబడ్డ మనిషి మామూలు గొంతుతో మాట్లాడితే మీకు వినబడేంత సౌండు పెట్టుకోండి అని చెప్తే మా ఊరి పిల్లవాడు పాటిస్తాడు.

వీధి సౌండు సంగతి వేరే చట్టంలో ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకరు కూడదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. మైకుసెట్టు మీద బతికినవాణ్నయినా ఆ నిర్ణయం సరైనదేనని నా మనసుకు తెలుసు. కానీ చెవిలో పెట్టుకున్న డీజేను ఏ పోలీసూ ఆపలేడు. పక్కింటివాళ్లకు వినబడదు, ఎవరూ ఫిర్యాదు చేయరు. దాన్ని ఆపాల్సింది ఆ చెవి ఉన్నవాడే, వాడికి అంకెలు తెలియాలి.

అందుకే నేను అడిగేవి కొన్ని ఉన్నాయి. హెడ్‌ఫోను, ఇయర్‌ఫోను ప్రతి డబ్బా మీద ఓములు, మిల్లీవాటుకు ఎన్ని డెసిబెల్స్ అన్న అంకె పెద్ద అక్షరాల్లో, మనం చదివే భాషల్లో ఉండాలి. మా ప్రాంతానికి వచ్చే చవక సామానులో సగానికి ఆ అంకే ఉండదు, ఎక్స్‌ట్రా బేస్ అని మాత్రం ఉంటుంది. అంకె లేని సామాను నేను అమ్మడం మానేశాను. తోటి దుకాణదారులూ మానేయాలని కోరుతున్నాను. ఐటీఐల్లో ఎలక్ట్రానిక్స్ నేర్పే మాస్టార్లు ఈ మీటరు లెక్కను ఒక్క పూట పిల్లల చేత చేయించాలి. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది మన మహారాష్ట్రలోని పాల్ఘర్‌లోనే. వినికిడి లోపం దాని జాబితాలో ఉంది. ఆ బృందాలు మా తాలూకా బడులకు వచ్చినప్పుడు తొమ్మిది, పది తరగతుల పిల్లలను 4000 హెర్ట్జ్ దగ్గర ప్రత్యేకంగా పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన చెవుడును వెతకడం ఎంత అవసరమో, ఫోనుతో వస్తున్నదాన్ని వెతకడం ఇప్పుడు అంతే అవసరం.

కాలిన హెడ్‌ఫోను తెచ్చిన పిల్లవాడు రెండు వారాల తరువాత మళ్లీ వచ్చాడు. తన గదిలో ఉండే మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. ముగ్గురి ఇయర్‌ఫోన్లూ కొలిచాం. ఒకదాని డబ్బా మీద మిల్లీవాటుకు 112 డెసిబెల్స్ అని ఉంది. దానికి ఫోను నిండా తిప్పితే 121 అవుతుంది. ఆ పిల్లవాడి వాల్యూం గీత పైన సోల్డరింగ్ వైరు ముక్క పెట్టి, "గిక్కడ దాటకు బిడ్డా" అని చూపించాను. వాడు ఫోనులోనే ఆ హద్దు కట్టేసుకున్నాడు. ఇప్పటి ఫోన్లన్నింటిలో దాదాపుగా ఆ సదుపాయం ఉంది, సెట్టింగుల్లో వాల్యూం లిమిట్ అని వెతకండి.

సిరోంచలో ఉన్నవాళ్లు, గోదావరి అవతల కాళేశ్వరం నుంచి బజారుకు వచ్చేవాళ్లు, ఎవరైనా మీ ఫోను, ఇయర్‌ఫోను, దాని డబ్బా పట్టుకొని రండి. దుకాణం ముందు బల్ల మీద మీటరు పెట్టి ఉంచాను. కొలవడానికి ఐదు నిమిషాలు పడుతుంది, దానికి డబ్బు తీసుకోను. మీ పిల్లలను కూడా తీసుకురండి.